విపత్తుల వేళ పిల్లలకు అనుబంధ పోషకాహారం: ఫలితాల మూల్యాంకనం ఎట్లా?

(ప్రత్యేక వ్యాసం)

కరవు, వరద, తుపాను, యుద్ధం, వలస - విపత్తు ఏదైనప్పటికీ మొదట కృశించేది ఐదేళ్లలోపు పిల్లలే. సాధారణ రేషనుకు అదనంగా ఈ పిల్లలకు అందజేసే ఆహారాన్ని అనుబంధ పోషకాహారం అంటారు. ఎన్ని టన్నుల ఆహారం పంపిణీ అయినది, ఎన్ని కేంద్రాలు తెరిచారు, ఎంత ఖర్చు చేశారు అన్న అంకెలు సహాయక చర్యల ప్రకటనలలో తరచు కనిపిస్తాయి. ఇవి చేసిన పనిని తెలిపే అంకెలే గాని, కలిగిన ఫలితాన్ని తెలిపే అంకెలు కావు. చేరిన పిల్లలలో ఎందరు కోలుకున్నారు, ఎందరు మధ్యలో మానివేశారు, అర్హులైనవారిలో ఎందరు అసలు కేంద్రానికే రాలేదు అన్న ప్రశ్నలకు సమాధానం లభించినప్పుడే కార్యక్రమం నిజమైన విలువ తెలుస్తుంది. ఈ మూల్యాంకనానికి అంతర్జాతీయంగా అనుసరిస్తున్న ప్రమాణాలను, వివిధ దేశాల అనుభవాలను, మన ప్రాంతానికి సంబంధించిన అంశాలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది.

కార్యక్రమం స్వరూపం

అనుబంధ పోషకాహార కార్యక్రమాలు రెండు విధాలు. మొదటిది సార్వత్రిక పంపిణీ. ఒక ప్రాంతంలో నిర్ణీత వయస్సులోని పిల్లలందరికీ, బరువుతో నిమిత్తం లేకుండా, కొంతకాలం ఆహారం అందజేస్తారు. లోపం రాకుండా నివారించడం దీని ఉద్దేశం. రెండవది లక్షిత పంపిణీ. పిల్లలను కొలిచి, మధ్యస్థ పోషకాహార లోపం ఉన్నవారిని మాత్రమే చేర్చుకొని, కోలుకునే వరకు ఆహారం ఇస్తారు. తీవ్ర లోపానికి జారిపోకుండా, మరణాల ముప్పు తగ్గేటట్లు చూడడం దీని ఉద్దేశం. ఉద్దేశాలు వేరు గనుక ఈ రెండింటినీ ఒకే కొలబద్దతో మూల్యాంకనం చేయరాదు. సార్వత్రిక పంపిణీలో ‘కోలుకున్నవారి శాతం’ అన్న మాటకు అర్థం లేదు. అక్కడ కొత్తగా లోపానికి గురైన పిల్లల సంఖ్య తగ్గినదా లేదా అన్నదే పరీక్ష.

ఆహారాన్ని కేంద్రంలోనే వండి పెట్టవచ్చు, లేదా వారానికి గాని రెండు వారాలకు గాని ఒకసారి ఇంటికి తీసుకువెళ్లే పొడి రేషనుగా ఇవ్వవచ్చు. కేంద్రంలో తినిపించే పద్ధతిలో రోజుకు 500 నుంచి 700 కిలో కేలరీలు, ఇంటికి ఇచ్చే పద్ధతిలో 1,000 నుంచి 1,200 కిలో కేలరీలు ఉండాలని ఐక్యరాజ్యసమితి శరణార్థి, ఆహార సంస్థల మార్గదర్శకాలు సూచించాయి. ఇంటికి వెళ్లిన ఆహారాన్ని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకోవడం సహజమని ముందే గుర్తించి పరిమాణాన్ని పెంచారు. ఆకలిగా ఉన్న ఇంట్లో ఒక్క బిడ్డకే ఇచ్చిన పిండి ఆ ఒక్క బిడ్డకే మిగలదు. ఈ కారణంగానే, మనిషికి రోజుకు సుమారు 2,100 కిలో కేలరీలుగా లెక్కించే సాధారణ రేషను సక్రమంగా అందని చోట అనుబంధ పోషకాహారం ఆశించిన ఫలితం ఇవ్వదు. మూల్యాంకనంలో మొదట చూడవలసినది కుటుంబానికి సాధారణ రేషను అందినదా లేదా అన్న విషయమే.

కొలతలు, అర్హత

ఆరు నెలలు నిండి ఐదేళ్లలోపు వయస్సు గల పిల్లలలో ఎత్తుకు తగిన బరువు, జబ్బ చుట్టుకొలత, రెండు పాదాలలో నీరు చేరిన వాపు - ఈ మూడింటి ఆధారంగా లోపాన్ని నిర్ణయిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పెరుగుదల ప్రమాణాల ప్రకారం ఎత్తుకు తగిన బరువు మధ్యగతం కన్న 2 నుంచి 3 ప్రామాణిక విచలనాలు తక్కువగా ఉంటే, లేదా జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గక 12.5 సెంటీమీటర్ల లోపు ఉంటే అది మధ్యస్థ లోపం. క్షేత్ర సిబ్బంది వాడుకలో వీరు ‘మామ్’ పిల్లలు. విచలనం 3 కన్న దిగజారినా, చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్న తగ్గినా, రెండు పాదాలలో వాపు ఉన్నా అది తీవ్ర లోపం. వీరు ‘శామ్’ పిల్లలు. వీరికి అనుబంధ పోషకాహారం చాలదు, వైద్య చికిత్స అవసరం.

బరువు-ఎత్తు కొలత, జబ్బ కొలత ఎల్లప్పుడూ ఒకే పిల్లలను పట్టి ఇవ్వవు. ఒక కొలతలో అర్హులైనవారు మరొక కొలతలో అనర్హులు కావచ్చు. కనుక రెండు నివేదికలను పోల్చేటప్పుడు రెండింటిలోను ఒకే కొలత వాడారా అని నిర్ధారించుకోవలసి ఉంటుంది. 2006కు ముందు అమెరికా పిల్లల కొలతల ఆధారంగా రూపొందిన ప్రమాణాలను వాడేవారు. కొత్త ప్రమాణాలతో తీవ్ర లోపం గలవారిగా లెక్కకు వచ్చే పిల్లల సంఖ్య గణనీయంగా పెరిగినది. అదేవిధంగా తీవ్ర లోపానికి 11 సెంటీమీటర్లుగా ఉన్న జబ్బ కొలత హద్దును 2009లో 11.5 సెంటీమీటర్లకు పెంచారు. హద్దు మారిన సంవత్సరంలో అంకె పెరిగితే అది పరిస్థితి దిగజారడం వల్లనా, కొలబద్ద మారడం వల్లనా అన్నది విడదీసి చెప్పాలి.

ఎప్పుడు ప్రారంభించాలి?

ఐదేళ్లలోపు పిల్లలలో మధ్యస్థ, తీవ్ర లోపాలు కలిపి 10 నుంచి 14 శాతం ఉంటే లక్షిత పంపిణీ, 15 శాతం లేదా అంతకు మించితే సార్వత్రిక పంపిణీ అన్నది విపత్తు సహాయంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న నిర్ణయ సూత్రం. మరణాల రేటు పెరగడం, తట్టు లేదా కోరింత దగ్గు ప్రబలడం, సాధారణ రేషను అవసరానికి తక్కువగా ఉండడం వంటి తీవ్రకారక పరిస్థితులు తోడైతే ఒక మెట్టు ముందుగానే స్పందించాలని ఈ సూత్రం చెబుతుంది.

ఈ సూత్రాన్ని మన దేశానికి యథాతథంగా వర్తింపజేయడంలో ఒక చిక్కు ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లలలో ఎత్తుకు తగిన బరువు లేనివారు దేశంలో 19.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం, తెలంగాణలో 21.7 శాతం. అనగా ఏ విపత్తూ లేని సాధారణ కాలంలోనే మనం 15 శాతం గీతను దాటి ఉన్నాము. కాబట్టి వరద తరువాత ఒక మండలంలో 18 శాతం లోపం కనబడినదని చెప్పినంత మాత్రాన అది వరద ప్రభావమని గాని, కాదని గాని నిర్ణయించలేము. విపత్తుకు ముందు అదే ప్రాంతంలో, అదే కాలంలో అంకె ఎంత అన్నది తెలిసి ఉండాలి. అంగన్‌వాడీ కేంద్రాలలో నెలనెలా తీసే బరువులు ఇందుకు అందుబాటులో ఉన్న ఆధారం. ఆ బరువులు నిజాయితీగా నమోదైతేనే అవి విపత్తు వేళ అక్కరకు వస్తాయి.

నాలుగు అంకెలు, ఒక హారం

లక్షిత కార్యక్రమం నుంచి ఒక నెలలో బయటికి వెళ్లిన పిల్లలందరినీ నాలుగు వర్గాలుగా విభజిస్తారు. కోలుకున్నవారు, మరణించినవారు, మధ్యలో మానివేసినవారు, నిర్ణీత కాలం పూర్తయినా కోలుకోనివారు. మానవతా సహాయానికి కనీస ప్రమాణాలను నిర్దేశించే ‘స్ఫియర్’ కరదీపిక ప్రకారం కోలుకున్నవారు 75 శాతానికి పైగా, మరణించినవారు 3 శాతం కన్న తక్కువగా, మానివేసినవారు 15 శాతం కన్న తక్కువగా ఉండాలి. తీవ్ర లోపం గల పిల్లల చికిత్సలో మరణాల హద్దు 10 శాతం. మిగిలిన రెండు హద్దులు సమానమే.

ఈ శాతాలను లెక్కించడంలో హారం కీలకం. ఉదాహరణకు, ఒక కార్యక్రమం నుంచి ఒక త్రైమాసికంలో 400 మంది పిల్లలు బయటికి వెళ్లారని అనుకుందాము. వారిలో 280 మంది కోలుకున్నారు, 6 గురు మరణించారు, 84 మంది మానివేశారు, 30 మంది కోలుకోలేదు. కోలుకున్నవారు 70 శాతం, మరణాలు 1.5 శాతం, మానివేసినవారు 21 శాతం, కోలుకోనివారు 7.5 శాతం. మరణాల విషయంలో ప్రమాణం నెరవేరినది. మిగిలిన రెండింటిలో నెరవేరలేదు. ఇవే అంకెల నుంచి మానివేసిన 84 మందిని లెక్క నుంచి తొలగిస్తే హారం 316 అవుతుంది, కోలుకున్నవారు 88 శాతానికి పైబడతారు. కార్యక్రమంలో ఏ మార్పూ లేదు, ఒక్క బిడ్డ కూడా అదనంగా కోలుకోలేదు. కాని నివేదికలో వైఫల్యం విజయంగా మారినది. నివేదిక చదివేవారు మొదట అడగవలసిన ప్రశ్న ‘శాతం ఎంత’ అన్నది కాదు, ‘దేనిలో శాతం’ అన్నది.

మరణాల అంకెకు కూడా ఇదే జాగ్రత్త అవసరం. వరుసగా రెండు పంపిణీలకు రాని బిడ్డను మానివేసినట్లు నమోదు చేయడం సాధారణ పద్ధతి. రాని బిడ్డ కోలుకొని ఉండవచ్చు, కుటుంబం వలస వెళ్లి ఉండవచ్చు, జబ్బుపడి ఉండవచ్చు, మరణించి ఉండవచ్చు. ఇంటికి వెళ్లి విచారించనంత వరకు ఈ నాలుగింటిలో ఏది నిజమో రిజిస్టరు చెప్పదు. మానివేసినవారు ఎక్కువగా ఉన్న కార్యక్రమంలో మరణాల రేటు తక్కువగా కనిపించడం ఊరట కలిగించే విషయం కాదు. మానివేసినవారిలో కొందరినైనా ఎంపిక చేసి ఇళ్లకు వెళ్లి వాస్తవం తెలుసుకోవడం మూల్యాంకనంలో విడదీయరాని భాగం.

కోలుకోని పిల్లల సంగతి వేరు. మూడు నాలుగు నెలలు ఆహారం తీసుకున్నా బరువు పెరగని బిడ్డకు క్షయ వంటి దీర్ఘవ్యాధి ఉండవచ్చు, తాగునీరు కలుషితమై విరేచనాలు పదే పదే రావచ్చు, లేదా ఆహారం ఇంట్లో అందరికీ పంపకం కావచ్చు. ఈ అంకె పెరిగినప్పుడు ఆహారం నాణ్యతను మాత్రమే కాక, ఆరోగ్య సేవలను, నీటి సరఫరాను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

రాని పిల్లల లెక్క

చేరిన పిల్లల ఫలితాలు ఎంత బాగున్నా, చేరవలసినవారిలో అధిక భాగం బయటనే ఉంటే కార్యక్రమం ప్రయోజనం పరిమితమే. అర్హులైన పిల్లలలో కార్యక్రమం పరిధిలోకి వచ్చినవారి శాతాన్ని వ్యాప్తి అంటారు. గ్రామీణ ప్రాంతాలలో 50 శాతానికి, పట్టణాలలో 70 శాతానికి, శిబిరాలలో 90 శాతానికి పైగా వ్యాప్తి ఉండాలని స్ఫియర్ ప్రమాణం. పొడి రేషను కేంద్రానికి వెళ్లి, తీసుకొని, తిరిగి ఇంటికి చేరడం ఒక్క రోజులో పూర్తయ్యే దూరంలో లక్షిత జనాభాలో 90 శాతానికి పైగా ఉండాలని కూడా నిర్దేశించారు.

ఒక ప్రాంతంలో అర్హులైన పిల్లలు 1,000 మంది ఉన్నారని అనుకుందాము. ఒక కార్యక్రమం 400 మందిని చేర్చుకొని 70 శాతాన్ని కోలుకునేటట్లు చేస్తే లబ్ధి పొందినవారు 280 మంది. మరొక కార్యక్రమం 800 మందిని చేర్చుకొని 65 శాతాన్ని మాత్రమే కోలుకునేటట్లు చేసినా లబ్ధి పొందినవారు 520 మంది. కోలుకున్నవారి శాతాన్ని మాత్రమే చూస్తే మొదటిది మెరుగు. పిల్లల వైపు నుంచి చూస్తే రెండవది దాదాపు రెట్టింపు మేలు చేసినది.

వ్యాప్తిని కార్యాలయంలో కూర్చొని అంచనా వేయడం సాధ్యం కాదు. గ్రామాలలో తిరిగి అర్హులైన పిల్లలను వెదకి, వారిలో ఎందరు నమోదయ్యారో లెక్కించాలి. నమోదు కానివారి తల్లులను కారణం అడగాలి. మలావిలో ఈ తరహా ప్రాంతాధారిత నమూనా సర్వేను తీవ్ర లోప చికిత్సకు వర్తింపజేసినప్పుడు, తల్లీబిడ్డలు వారాల తరబడి ఉండవలసిన చికిత్స కేంద్రాల వ్యాప్తి అర్హులలో సుమారు నాలుగింట ఒక వంతు మాత్రమేనని, ఇంటి వద్దనే ఆహారం తీసుకునే సముదాయ పద్ధతి వ్యాప్తి నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఉన్నదని 2007లో ప్రచురితమైన అధ్యయనం తెలిపినది. పొలం పనులను, మిగిలిన పిల్లలను వదలి తల్లి రోజుల తరబడి కేంద్రంలో ఉండలేదన్న సామాన్య సత్యం ఈ వ్యత్యాసానికి మూలం.

82 కార్యక్రమాల సమీక్ష

విపత్తులలో అనుబంధ పోషకాహార కార్యక్రమాల ఫలితాలను పెద్దఎత్తున పరిశీలించిన ప్రయత్నాలలో సేవ్ ద చిల్డ్రన్ (యు.కె.), ఎమర్జెన్సీ న్యూట్రిషన్ నెట్‌వర్క్ సంస్థలు కలసి జరిపిన సమీక్ష ముఖ్యమైనది. 2002-2005 సంవత్సరాల మధ్య 22 దేశాలలో 16 సంస్థలు నిర్వహించిన 82 కార్యక్రమాల రికార్డులను పరిశీలించి, 2008లో ఫలితాలను ప్రచురించారు. నిర్దేశిత ప్రమాణాలను అందుకున్న కార్యక్రమాలు సగానికన్న తక్కువ. వైఫల్యానికి ప్రధాన కారణం మరణాలు కాదు, పిల్లలు మధ్యలో మానివేయడం.

ఈ సమీక్ష బయటపెట్టిన మరొక విషయం నివేదికల స్థితి. నిర్వచనాలు సంస్థకు ఒక రకంగా ఉన్నాయి. శాతాలను లెక్కించడంలో పొరపాట్లు ఉన్నాయి. వ్యాప్తిని కొలిచినవారు అరుదు. దశాబ్దాలుగా అమలవుతున్న, భారీగా వ్యయమవుతున్న కార్యక్రమం ఫలితాలను ఒకచోట చేర్చి చూడడమే కష్టసాధ్యమైనది. దీని ఫలితంగా అన్ని సంస్థలూ ఒకే నిర్వచనాలతో, ఒకే పద్ధతిలో నివేదించడానికి వీలుగా కనీస నివేదిక నమూనాను రూపొందించారు.

కోలుకోవడానికి కార్యక్రమమే కారణమా?

జూలైలో 16 శాతం ఉన్న లోపం డిసెంబరుకు 10 శాతానికి తగ్గినదని ఒక నివేదిక చెబితే, ఆ తగ్గుదల కార్యక్రమం వల్లనే కలిగినదని చెప్పడానికి వీలు లేదు. వర్షాకాలంలో అతిసారం, మలేరియా ప్రబలుతాయి, ఇంట్లో గింజలు నిండుకుంటాయి. పంట చేతికి వచ్చిన తరువాత పరిస్థితి దానంతట అదే కొంత మెరుగవుతుంది. ఋతువును పరిగణించకుండా ముందు-తరువాత అంకెలను పోల్చడం మూల్యాంకనంలో అతి సాధారణమైన దోషం. గత సంవత్సరం అదే నెలతో పోల్చడం కొంత మేలు. కార్యక్రమం అందని పోల్చదగిన ప్రాంతంతో పోల్చడం మరింత మేలు. ఆకలిగా ఉన్న పిల్లలకు పరిశోధన కోసం ఆహారం నిలిపివేయడం నైతికంగా సమ్మతం కాదు గనుక, రెండు రకాల సహాయాలను పరస్పరం పోల్చడం, సాధారణ సహాయం అందరికీ ఇచ్చి అదనపు ఆహారాన్ని కొందరికి ఇచ్చి చూడడం వంటి పద్ధతులను అనుసరిస్తారు.

పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశం ఈ విషయంలో ఎక్కువ పాఠాలు నేర్పినది. 2004లో అనావృష్టి, మిడతల దాడి తరువాత 2005లో అక్కడ తీవ్ర సంక్షోభం ఏర్పడినది. 2006లో మరాది ప్రాంతంలో మెద్సాఁ సాఁ ఫ్రాంటియేర్ వైద్య సంస్థ, అప్పటివరకు తీవ్ర లోపానికి మాత్రమే వాడుతున్న వేరుసెనగ, పాలపొడి ముద్దను మధ్యస్థ లోపం గల పిల్లలకు కూడా ఇచ్చినది. నమోదైన వేలాది పిల్లలలో కోలుకున్నవారు 95 శాతం వరకు ఉన్నారు. మానివేసినవారు చాలా తక్కువ. అదే సంవత్సరం అదే ప్రాంతంలో 12 గ్రామాలను ఎంచుకొని, యాదృచ్ఛికంగా 6 గ్రామాలలోని 6 నుంచి 60 నెలల పిల్లలకు ఆగస్టు నుంచి మూడు నెలలపాటు రోజుకొక ప్యాకెట్టు, అనగా 500 కిలో కేలరీల ముద్ద ఇచ్చారు. ఇవ్వని గ్రామాలతో పోలిస్తే కొత్తగా కృశించిన పిల్లల రేటు 36 శాతం, తీవ్రంగా కృశించినవారి రేటు 58 శాతం తగ్గినది. మరణాలు కూడా తక్కువగానే నమోదైనప్పటికీ, ఆ వ్యత్యాసం గణాంక నిర్ధారణకు చాలినంతగా లేదని పరిశోధకులు స్పష్టం చేశారు.

ఇదే తరహా ఆలోచన మరొక చోట మరొక ఫలితం ఇచ్చినది. చాద్ దేశంలోని అబేషే పట్టణంలో 2010లో సాధారణ రేషను పొందుతున్న కుటుంబాలలో కొన్నింటి పిల్లలకు అదనంగా పోషక ముద్దను ఇచ్చి చూశారు. కృశించిన పిల్లల సంఖ్యలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. అయితే రక్తంలో హిమోగ్లోబిన్ పెరిగినది, విరేచనాలు, జ్వరాలు తగ్గాయి. కొలత ఒక్కటే పెట్టుకొని ఉంటే ఈ కార్యక్రమాన్ని నిష్ఫలమని తేల్చివేసేవారు. నైజర్‌లోనే 2011లో ప్రారంభమైన మరొక అధ్యయనంలో నగదు మాత్రమే ఇచ్చిన గ్రామాలను, ఆహారం మాత్రమే ఇచ్చిన గ్రామాలను, రెండూ ఇచ్చిన గ్రామాలను పోల్చారు. రెండూ కలిపి ఇచ్చిన చోట పోషకాహార లోపం సుమారు సగానికి తక్కువగా నమోదైనది. నగదు ఇంటి ఆకలిని తీర్చగా, పిల్లల ఆహారం పిల్లలకు మిగిలినదని దీనిని అర్థం చేసుకోవచ్చు.

కోలుకున్న తరువాత

కార్యక్రమం నుంచి ‘కోలుకున్నారు’ అన్న ముద్రతో బయటికి వెళ్లిన పిల్లల తదుపరి స్థితిని గురించి నివేదికలు సాధారణంగా మౌనంగా ఉంటాయి. మలావిలో 2,712 మంది మధ్యస్థ లోపం గల పిల్లలకు మూడు రకాల ఆహారాలను ఇచ్చి పోల్చిన అధ్యయనం 2012లో వెలువడినది. మెరుగుపరచిన మొక్కజొన్న-సోయా పిండి తిన్నవారిలోను, రెండు రకాల పోషక ముద్దలు తిన్నవారిలోను 85 నుంచి 88 శాతం కోలుకున్నారు. మూడింటి మధ్య తేడా స్వల్పం. స్థానికంగా లభించే దినుసులతో చేసిన పిండి కూడా, సక్రమంగా తయారుచేసి సరిపడినంత ఇస్తే, చక్కగా పనిచేస్తుందని దీనివల్ల తెలిసినది.

అయితే ఆ విధంగా కోలుకున్న 1,967 మందిని ఏడాదిపాటు గమనించగా, ఆరోగ్యంగా నిలిచినవారు 63 శాతం మాత్రమే. 17 శాతం మందికి మధ్యస్థ లోపం తిరగబెట్టినది. 10 శాతం మంది తీవ్ర లోపానికి గురయ్యారు. 4 శాతం మంది మరణించారు. మిగిలినవారి ఆచూకీ లభించలేదు. కార్యక్రమం అంకెలు ప్రమాణాన్ని దాటి ఉన్నప్పటికీ, ఏడాది గడిచేసరికి మూడింట ఒక వంతుకు పైగా పిల్లలు ఆ మేలును నిలుపుకోలేకపోయారు. విపత్తు సహాయం ముగిసిన తరువాత బిడ్డను ఎవరికి అప్పగిస్తున్నారు అన్న ప్రశ్నకు మూల్యాంకనంలో స్థానం ఉండాలని ఈ ఫలితం సూచిస్తుంది.

మన ప్రాంతంతో సంబంధం

సహాయక ఆహారం చాలునా చాలదా అన్న వివాదం తెలుగు నేలకు కొత్త కాదు. ‘ధాత కరువు’గా ప్రసిద్ధమైన 1876-78 నాటి మహాక్షామంలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సహాయక పనులలోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని భారత ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించారు. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. పొదుపైన ధాన్యాన్ని బట్టి కాక, శిబిరాలలోని మనుషుల శరీర స్థితిని బట్టి రేషనును నిర్ణయించాలన్నది ఆయన వాదన. నేటి మూల్యాంకన సూత్రానికి మూలం అదే.

1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఇక్కడ రూపొందిన ‘హైదరాబాదు మిక్స్’ వేయించిన గోధుమలు, శనగలు, వేరుసెనగ గింజలు, బెల్లంతో తయారవుతుంది. 86 గ్రాముల పొడిలో సుమారు 330 కిలో కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. ఖరీదైన దిగుమతులు లేకుండా ఇంటి దినుసులతోనే బిడ్డను కోలుకునేటట్లు చేయవచ్చునని చూపిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం వల్ల, అనేక ఆఫ్రికా దేశాలకు విపత్తు వేళ మాత్రమే ఏర్పడే పంపిణీ వ్యవస్థ మనకు నిత్యం ఊరూరా ఉన్నది. పోషకాహార లోపం గల పిల్లలకు రోజుకు 800 కిలో కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఇంటికి ఇచ్చే ఆహారంగా అందించాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం నిర్దేశించినది. 2023లో సంబంధిత షెడ్యూలును సవరించి సూక్ష్మపోషకాలకు, ఆహార వైవిధ్యానికి ప్రాధాన్యం ఇచ్చారు. 2020లో కొవిడ్ కారణంగా అంగన్‌వాడీ కేంద్రాలు మూతపడినప్పుడు సరుకులను లబ్ధిదారుల ఇళ్లకు చేర్చారు. అయితే ఆ నెలలలో బరువులు తీయడానికి ఆటంకం కలిగినది. పంపిణీ కొనసాగి కొలత ఆగిపోయినప్పుడు, ఏ బిడ్డ కృశిస్తున్నదో తెలియదు. ఆహారంతో పాటు కొలత టేపు కూడా ఇంటికి వెళ్లాలన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

2023 మార్గదర్శకాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు మధ్యస్థ లోపం గల ప్రతి బిడ్డకు ప్రత్యేక ఆహారం తప్పనిసరి కాదని, ప్రతి బిడ్డకు పోషక విలువలు గల ఇంటి ఆహారం తప్పక అందాలని పేర్కొన్నాయి. జబ్బ చుట్టుకొలత 11.5 నుంచి 11.9 సెంటీమీటర్ల మధ్య ఉన్నవారు, రెండేళ్లలోపువారు, లోపం తిరగబెట్టినవారు వంటి అధిక ముప్పు గల పిల్లలకు ప్రత్యేక ఆహారంలో ప్రాధాన్యం ఇవ్వాలని సూచించాయి. ఇక మీదట చేపట్టే మూల్యాంకనాలలో ఎందరికి ఇచ్చారన్నదానితో పాటు, ముప్పు ఎక్కువగా ఉన్నవారికే ముందు అందినదా అన్నది కూడా పరిశీలించవలసి ఉంటుంది.

నివేదికలో పరిశీలించవలసిన అంశాలు

1. కార్యక్రమం సార్వత్రికమా, లక్షితమా? ఉద్దేశం స్పష్టంగా పేర్కొన్నారా?
2. చేర్చుకోవడానికి, పంపివేయడానికి ఏ కొలత, ఏ హద్దు పాటించారు?
3. శాతాల హారంలో మానివేసినవారు, కోలుకోనివారు చేరి ఉన్నారా?
4. మానివేసినవారిని ఇళ్లకు వెళ్లి విచారించారా? వారిలో మరణాలు ఉన్నాయా?
5. వ్యాప్తిని గ్రామాలలో కొలిచారా, జనాభా లెక్కల నుంచి అంచనా వేశారా?
6. ముందు-తరువాత పోలిక ఒకే ఋతువుకు చెందినదా?
7. కుటుంబానికి సాధారణ రేషను, తాగునీరు, టీకాలు, వైద్యం అందాయా?
8. కోలుకున్న ఒక్కొక్క బిడ్డకు అయిన వ్యయం ఎంత? మొత్తం వ్యయాన్ని చేరినవారితో కాక, కోలుకున్నవారితో భాగించారా?
9. కోలుకున్న పిల్లలను తరువాత ఎవరు గమనిస్తున్నారు?

ఈ ప్రశ్నలలో ఏ ఒక్కటీ అదనపు సిబ్బందిని గాని, ఖరీదైన పరికరాలను గాని కోరేది కాదు. ఒక రిజిస్టరు, ఒక త్రాసు, ఒక కొలత టేపు, గ్రామాలలో తిరిగే ఒక కార్యకర్త ఉంటే చాలు. ప్రమాణాలను అందుకోలేదని తేలిన నివేదిక కార్యక్రమాన్ని నిలిపివేయడానికి కారణం కాదు. కేంద్రాన్ని దగ్గరికి తేవడానికి, పంపిణీ రోజును సంతకు అనుగుణంగా మార్చడానికి, రాని బిడ్డ ఇంటికి మనిషిని పంపడానికి అది ఆధారం. ఆ సవరణ సకాలంలో జరిగితే తదుపరి త్రైమాసికంలో మానివేసినవారి గడిలోని పిల్లలు కోలుకున్నవారి గడిలోకి మారుతారు. మూల్యాంకనం అంతిమ ప్రయోజనం అదే.